అనంతపురం బోరు నీళ్ళలో 3 అడుగుల అక్వేరియం: ఏ చేపలు కలిసి బతుకుతాయి?

కొత్త తొట్టి, అనంతపురం (మార్చి 2)

సభ్యులందరికీ నమస్కారం. మా హాలులో 3 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు గల గాజు తొట్టిని పోయిన వారం పెట్టించాను. లెక్క ప్రకారం అది సుమారు 127 లీటర్లు పట్టాలి గాని, అడుగున పరిచే ఇసుకనూ పైన వదిలే ఖాళీనీ తీసేస్తే 105 లీటర్ల నీళ్ళు మిగులుతాయనుకుంటున్నాను. నాలుగో తరగతి చదువుతున్న మా అమ్మాయి దుకాణంలో అన్నీ చూసి 10 నియాన్ టెట్రాలు, 2 ఏంజెల్ చేపలు, 4 గోల్డ్ ఫిష్, 6 టైగర్ బార్బులు, 2 చిన్న షార్కులు, గాజుకు పట్టిన పాచిని తినేస్తుందని చెప్పిన ఒక సక్కర్ చేప కావాలని ఎంచుకుంది. ఇవన్నీ హాయిగా కలిసి ఉంటాయని దుకాణంలో చెప్పారు, అయినా నాకు నమ్మకం కుదరక ఇంకా కొనలేదు.

మాకు వచ్చేవి బోరు నీళ్ళు. బకెట్ల అంచుల మీద తెల్లని పొర కడుతుంది, నీళ్ళు కాచే గిన్నె అడుగున సున్నం పేరుకుంటుంది. తెలిసినవారి మీటరు తెచ్చి చూస్తే టీడీఎస్ (లీటరు నీటిలో కరిగి ఉన్న లవణాలు, మిల్లీగ్రాముల్లో) 900 చూపించింది. ఈ జాబితాలో వేటిని ఉంచుకోవచ్చో, వేటిని వదులుకోవాలో కారణంతో సహా చెబితే, అదే కారణాన్ని మా అమ్మాయికి కూడా వివరించగలుగుతాను.

తుంగభద్ర అల, కర్నూలు (మార్చి 2)

కొనడానికి ముందే అడిగినందుకు చాలా సంతోషం. నేను కళాశాలలో రసాయనశాస్త్రం బోధిస్తాను, 14 ఏళ్ళుగా ఇంట్లో చేపలను పెంచుతున్నాను. ఏ చేప ఏ చేపతో కలుస్తుందని అడగడానికి ముందు, ఆ చేప మన నీళ్ళతో కలుస్తుందా అని అడగాలన్నది ఇన్నేళ్ళలో నాకు కుదిరిన అభిప్రాయం. తోటి చేప కరిస్తే కంటికి కనిపిస్తుంది, నీళ్ళు పడకపోతే మాత్రం చేప రంగు తగ్గి, తిండి మాని, నెలా రెండు నెలల్లో ఒక్కొక్కటిగా పోతుంది, మనకు కారణం కూడా అంతుపట్టదు.

నియాన్ టెట్రా అమెజాన్ పరీవాహక ప్రాంతపు చేప. అక్కడి అడవి వాగుల్లో రాలిన ఆకులు నాని నీళ్ళు టీ రంగులో ఉంటాయి, ఖనిజాలు దాదాపు ఉండవు, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె, 7 తటస్థం) 7 కన్నా బాగా తక్కువ. ఇప్పుడు దుకాణాల్లోకి వచ్చే నియాన్లలో ఎక్కువ భాగం పెంపకం కేంద్రాల్లో పుట్టినవే కనుక కొంత గట్టి నీటిని, అంటే సున్నం వంటి ఖనిజాలు ఎక్కువున్న నీటిని, ఓర్చుకుంటాయి, కాని 900 టీడీఎస్ వాటికి చాలా ఎక్కువ. పైగా వాటికి అనువైన వేడి 20 నుంచి 26 డిగ్రీలు. మే నెలలో మీ హాలులో మామూలుగా వదిలేసిన తొట్టి 31, 32 డిగ్రీలకు చేరుతుంది. ఈ రెండు కష్టాలూ కలిసి వచ్చినప్పుడు వాటిని నిలబెట్టడం అనుభవజ్ఞులకు కూడా కష్టమే.

గోల్డ్ ఫిష్ ఇంకా చల్లని నీటి చేప, తిండి ఎక్కువ, విసర్జన మరీ ఎక్కువ. ఉష్ణమండల చేపలతో దానిని కలపడమంటే ఇద్దరిలో ఒకరిని ఎప్పుడూ ఇబ్బందిలో ఉంచడమే. నాలుగు గోల్డ్ ఫిష్ ఎదిగితే మీ 105 లీటర్లు వాటికే చాలవు.

ఇక మీ నీటికి సహజంగా సరిపడే కుటుంబం ఒకటుంది. గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ అనే ఈ నాలుగూ గుడ్లు పెట్టకుండా పిల్లలను కనే చేపలు. మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాల నుంచీ దక్షిణ అమెరికా ఉత్తర భాగం నుంచీ వచ్చిన ఈ చేపలు సున్నం ఉన్న గట్టి నీటిలోనే ఆరోగ్యంగా ఉంటాయి. మోలీని మెత్తని ఆమ్ల జలంలో పెడితే అది ఒంటిని ఊపుకుంటూ కదలక మెదలక నిలబడిపోతుంది, మన బోరు నీటిలో మాత్రం చురుగ్గా తిరుగుతుంది. మనం లోపమనుకునే నీళ్ళే వాటికి బలం.

మరొక మాట అమోనియా గురించి చెప్పాలి. చేపల విసర్జన నుంచీ మిగిలిన తిండి నుంచీ పుట్టే అమోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది, అందులో ఒకటే ఎక్కువ విషం. పీహెచ్ 7, వేడి 25 డిగ్రీలు ఉన్నప్పుడు ఆ విషరూపం మొత్తంలో నూటికి ఒక వంతు కూడా ఉండదు. పీహెచ్ 8, వేడి 30 డిగ్రీలు అయితే అదే నూటికి 7 వంతులు దాటుతుంది. అంటే ఊటీలో ఒక తొట్టి ఓర్చుకునే మురికిని అనంతపురం తొట్టి ఓర్చుకోలేదు. మనం చేపల సంఖ్యను పుస్తకాల్లో రాసినదానికన్నా తక్కువగానే ఉంచుకోవాలి.

హంద్రీ, కర్నూలు (మార్చి 3)

అన్నా, ఆ షార్కుల సంగతి నేను చెప్పాలి, ఎందుకంటే ఆ తప్పు నేను చేసి రెండేళ్ళు బాధపడ్డాను. షార్క్ పేరుతో అమ్మే వెండి రంగు చేప సొరచేప జాతికి చెందినదే కాదు. అది మెకాంగ్ నది నుంచి వచ్చిన పంగాసియస్, మన రాష్ట్రంలో కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో తిండి కోసం పెంచుతున్న చేపే. చేపల బజారులో ముక్కలు కోసి అమ్మే చేపను వేలెడంత పిల్లగా ఉన్నప్పుడు అక్వేరియం చేపగా అమ్ముతారన్నమాట. పూర్తిగా ఎదిగితే మీటరు పొడవు దాటుతుంది.

నేను 7 సెంటీమీటర్ల పిల్లలను రెండు తెచ్చాను. ఏడాదిలోపు అడుగు పొడవు దాటాయి. చూపు బలహీనమైన బెదురు చేపలు కనుక, ఎవరైనా గబుక్కున దీపం వేస్తే ఉలిక్కిపడి గాజును గుద్దుకునేవి. ఒకదాని ముక్కు మీద పుండు పడి మానలేదు. రాత్రిళ్ళు ఆ చప్పుడు విని లేచి కూర్చున్న రోజులున్నాయి. చివరికి మామిడి తోటలో పెద్ద సిమెంటు తొట్టి ఉన్న ఒక రైతు తీసుకున్నారు. తీసుకునేవారు దొరకని పక్షంలో తుంగభద్రలోనో కే.సీ. (కర్నూలు-కడప) కాలువలోనో వదలడం మాత్రం ఎవరూ చేయకూడదు, ఎందుకంటే పరాయి చేప మన నదిలో పడితే మన చేపలకు చోటు పోతుంది.

సక్కర్ విషయమూ ఇంచుమించు అదే. అరచేతిలో సగం ఉన్న పిల్లను ఇస్తారు, అది 40 సెంటీమీటర్లకు పైగా పెరుగుతుంది. పత్రికల్లో దెయ్యం చేప అని రాస్తున్నది దీని జాతినే, వలలు చింపేస్తుందని కృష్ణా నదిలో చేపలు పట్టేవారు మొత్తుకుంటున్నది దీని గురించే. పెద్దదయ్యాక పాచి మీద మోజు తగ్గి, రాత్రిపూట ఏంజెల్ వంటి వెడల్పు చేపల ఒంటికి అతుక్కుని పైజిగురును గీకుతుంది. ఇది తొట్టిని శుభ్రం చేసే చేప కాదు, అన్ని చేపలకన్నా ఎక్కువ విసర్జించే చేప.

బుగ్గవంక, కడప (మార్చి 4)

తుంగభద్ర అల గారి మాటలతో చాలావరకు ఏకీభవిస్తాను గాని, మన నీటికి తగిన చేపలనే పెంచాలన్న చోట కొంచెం వేరుగా ఆలోచిస్తాను. మా ఇంట్లో నియాన్ల బంధువైన కార్డినల్ టెట్రాలు మూడేళ్ళుగా ఉన్నాయి. కార్డినల్ నియాన్ కన్నా ఎక్కువ వేడిని, 28, 29 డిగ్రీల వరకు ఓర్చుకుంటుంది. నేను ఆర్వో నీటిలో పావు వంతు బోరు నీరు కలుపుతాను. కొత్త తొట్టి గారి లెక్కకు అన్వయిస్తే, 900 ఉన్న బోరు నీరు ఒక పాలు, 60 ఉన్న ఆర్వో నీరు మూడు పాళ్ళు కలిపితే 270 వస్తుంది. పెంపకంలో పుట్టిన టెట్రాలకు అది ఫరవాలేదు. ఉత్త ఆర్వో నీటిని మాత్రం పోయకూడదు. అందులో పీహెచ్‌ను నిలకడగా పట్టి ఉంచే కార్బొనేట్లు ఉండవు కనుక కొన్ని వారాల్లో పీహెచ్ ఉన్నట్టుండి పడిపోతుంది.

ఏంజెల్, నియాన్ జోడీని మాత్రం నేను కూడా వద్దంటాను. ఏంజెల్ పిల్లగా రూపాయి బిళ్ళంత ఉన్నప్పుడు ఎవరి జోలికీ పోదు. 15 సెంటీమీటర్ల పెద్ద చేప అయ్యాక దాని నోట్లో నియాన్ సరిగ్గా పడుతుంది. ఒకరోజు పొద్దున 10 ఉండవలసిన చోట 7 కనిపిస్తాయి, మిగతా 3 ఎక్కడ చనిపోయాయో అని రాళ్ళ సందుల్లో వెతుకుతాం. టైగర్ బార్బులైతే ఏంజెల్ కింద వేలాడే రెక్క పోగులను కొరుకుతాయి. అంటే మీ జాబితాలో ఏంజెల్ ఒకరిని తినేది, మరొకరి చేత కొరకబడేది.

టైగర్ బార్బ్ చెడ్డ చేప అని నా ఉద్దేశం కాదు. 8 లేదా 10 కలిసి ఉంటే తమలో తామే తరుముకుంటూ పక్కవారిని చాలావరకు వదిలేస్తాయి. రెండో మూడో ఉంచితేనే వాటి చిరాకంతా పొడవు రెక్కల చేపల మీద చూపిస్తాయి.

గుత్తి కోట, అనంతపురం జిల్లా (మార్చి 4)

బుగ్గవంక గారూ, మీ పద్ధతి ఫలితమిస్తున్నదని ఒప్పుకుంటాను గాని, మా జిల్లాలో దాని ఖర్చును కూడా చూడాలి. ఇంటి ఆర్వో యంత్రం ఒక లీటరు మంచి నీటిని ఇవ్వడానికి రెండు మూడు లీటర్లను కాలువలోకి వదులుతుంది. దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో మాది ఒకటి, ఎండాకాలంలో ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టే వీధులు మాకున్నాయి. వారం వారం 25 లీటర్లు మార్చడానికి 50 లీటర్లు పారబోయడం నా మనసుకు ఒప్పదు. యంత్రం వదిలిన నీటిని గిన్నెలు కడగడానికో నేల తుడవడానికో పట్టుకునేవారు ఉంటే అది వేరే సంగతి. తొట్టి నుంచి తీసిన నీటిని మాత్రం నేను ఒక్క చుక్క పారబోయను. చేపల విసర్జన వల్ల అందులో నత్రజని ఉంటుంది, మా కరివేపాకు చెట్టూ మల్లెలూ దానితోనే పెరుగుతున్నాయి.

ఇప్పుడు ఎండ గురించి చెబుతాను. నీళ్ళు వేడెక్కినకొద్దీ అందులో ఇమిడే ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల వద్ద లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాములు ఇముడుతుంది, 30 డిగ్రీల వద్ద ఏడున్నరే. చేపకేమో వేడిలో ఊపిరి అవసరం పెరుగుతుంది. దానికి తోడు మధ్యాహ్నం కరెంటు పోయి ఫిల్టరూ గాలి పంపూ ఆగితే, నిండుగా చేపలున్న తొట్టిలో ఒకటి రెండు గంటల్లోనే అన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. నీటి ఉపరితలం మీద గాలి తగిలేలా చిన్న ఫ్యాను పెడితే ఆవిరితో పాటు వేడి పోయి రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది.

అయితే ఆ ఫ్యాను వల్ల ఒక చిక్కుంది, చాలామంది దానిని గమనించరు. ఆవిరయ్యేది నీళ్ళు మాత్రమే, సున్నమూ లవణాలూ తొట్టిలోనే ఉండిపోతాయి. రోజుకు 2 లీటర్లు ఆవిరై, ఆ లోటును 900 టీడీఎస్ బోరు నీటితో నింపుతున్నారనుకుందాం. నెలకు 60 లీటర్లతో 54 గ్రాముల లవణాలను కొత్తగా చేర్చినట్టు. 105 లీటర్ల తొట్టిలో అది లీటరుకు 500 మిల్లీగ్రాములకు పైమాటే. అందుచేత మార్చే నీరు బోరుదైనా, ఆవిరి లోటుకు పోసే నీరు మాత్రం ఆర్వో నీరో పట్టి ఉంచిన వాన నీరో అయి ఉండాలి. ఈ ఒక్క పనికి ఆర్వో వాడితే నేను కాదనను.

కొత్త తొట్టి, అనంతపురం (మార్చి 5)

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. షార్కులు, సక్కర్, గోల్డ్ ఫిష్, టైగర్ బార్బులను జాబితా నుంచి తీసేశాను. నియాన్ విషయంలో మా అమ్మాయి బాగా బాధపడింది. హంద్రీ గారి షార్క్ ముక్కు పుండు సంగతి చదివి వినిపించాక, మన ఇంటికి వచ్చే చేప ఏదైనా హాయిగా ఉండాలని తనే అన్నది. వారానికి 50 లీటర్లు పారబోయడం మాకూ కుదరదు. మా వీధికి మున్సిపాలిటీ నీరు రోజు విడిచి రోజు వస్తుంది, దానిని చూస్తే టీడీఎస్ 380 ఉంది. బోరుకు బదులు దానిని వాడవచ్చునా, వాడితే తుంగభద్ర అల మేడం ఏ చేపలను సూచిస్తారు?

తుంగభద్ర అల, కర్నూలు (మార్చి 5)

380 అయితే మీకు దారి చాలా సులభమైంది. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది కనుక వెడల్పు మూతి గల పాత్రలో 24 గంటలు తెరిచి ఉంచి, వీలైతే గాలి పంపుతో బుడగలు వదిలి, ఆ తరువాతే పోయండి. తొందరగా కావాలంటే దుకాణంలో దొరికే క్లోరిన్ విరుగుడు మందు చుక్కలు వేయవచ్చు.

నా సూచన ఇది. తొట్టిలో పై భాగం, నడిమి భాగం, అడుగు భాగం అని మూడు అంతస్తులు ఉంటాయి, ఒక్కొక్క జాతి ఒక్కొక్క అంతస్తును ఇష్టపడుతుంది. అందరినీ ఒకే అంతస్తులో కిక్కిరిస్తే శాంతమైన చేపలు కూడా చిరాకుపడతాయి. నడిమి భాగానికి 6 ప్లాటీలు, అందులో మగవి 2, ఆడవి 4 తీసుకోండి. మగవి ఎక్కువైతే ఆడవాటిని రోజంతా తరిమి నీరసపరుస్తాయి. మగదానికి కింది రెక్క సన్నని పుల్లలా ఉంటుంది, ఆడదానికి విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది. అమ్మాయి చేత ఎంపిక చేయించండి, ఈ తేడాను పిల్లలు పెద్దలకన్నా త్వరగా పట్టుకుంటారు. ప్లాటీలతో స్వోర్డ్‌టెయిల్‌ను కలపవద్దు, రెండూ జతకట్టి సంకర సంతానం పుడుతుంది.

పై భాగానికి 8 జీబ్రా డానియోలు. ఇది మన ఉపఖండపు చేపే. 1822లో ప్రకృతి శాస్త్రవేత్త హామిల్టన్ గంగా పరీవాహక ప్రాంతపు చేపల గురించి రాసినప్పుడు దీనిని మొదట వర్ణించాడు, ఇప్పుడు ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో పరిశోధనకు వాడుతున్నారు. గుంపుగా ఉంటే నిర్భయంగా తిరుగుతుంది, 6 కన్నా తక్కువైతే ఒకదానినొకటి వేధిస్తుంది.

తొట్టికి ఒక అందమైన పెద్ద చేప కావాలంటే ఏంజెల్‌కు బదులు ముత్యాల గౌరామి, మగది 1, ఆడవి 2. ఒంటి నిండా ముత్యాలు చల్లినట్టుండే ఈ చేప 10, 12 సెంటీమీటర్ల దాకా పెరిగినా చాలా శాంతమైనది. గౌరామికి మొప్పలతో పాటు పైగాలిని పీల్చుకునే ప్రత్యేక అవయవం ఉంటుంది. గుత్తి కోట గారు చెప్పిన మే నెల మధ్యాహ్నానికి అంతకన్నా తగిన చేప నాకు తోచదు. నీటి పైన మూత ఉండాలి గాని, గాలి ఆడేలా ఉండాలి.

అడుగు భాగానికి 6 కోరిడోరాస్. ఇవి మీసాలతో ఇసుకను వెతుక్కునే చిన్న పిల్లి చేపలు. మామూలు కంచు రంగు జాతి కొంచెం గట్టి నీటికీ అలవాటు పడుతుంది గాని, ఎక్కువ వేడిని ఇష్టపడదు. అందుచేత వాటిని ఇప్పుడు తేవద్దు, వానలు పడి తొట్టి 27 డిగ్రీలకు దిగాకే తెండి.

బుగ్గవంక, కడప (మార్చి 6)

మంచి జాబితా. ఒక్క చోట నాకు సందేహముంది. డానియోలు మెరుపులా పరుగెత్తే చేపలు, ముత్యాల గౌరామి నెమ్మదిగా వచ్చి తినే చేప. మొదటి వారాల్లో గౌరామి మొక్కల వెనుక నక్కి, తిండి దగ్గరకు రాకపోవచ్చు. ఒక చివర తేలే తిండి వేసి డానియోలు అటు పోయాక, రెండో చివర గౌరామికి వేయండి. నీటి మీద తేలే మొక్కలు కొన్ని ఉంటే గౌరామి ధైర్యంగా బయటికి వస్తుంది.

రాళ్ళ గురించి మరొక హెచ్చరిక. మా కడప నల్లబండ, మీ పక్క తాడిపత్రి బండ, అటు బేతంచెర్ల బండ అన్నీ సున్నపురాయే. బేలం గుహలు ఏర్పడింది కూడా నీళ్ళు అదే జాతి రాయిని కరిగించడం వల్లనే. చూడడానికి అందంగా ఉన్నాయని ఆ ముక్కలతో తొట్టిలో గుహలు కడతారు. ప్లాటీలకు దానివల్ల నష్టం లేదు గాని, ఆర్వో కలిపి మెత్తబరిచిన నీటిలో ఆ రాళ్ళుంటే మన శ్రమంతా వృథా. నేను మొదటి ఏడాది ఎంత ఆర్వో కలిపినా నీళ్ళు గట్టిపడుతూనే ఉంటే, నీళ్ళనే అనుమానించాను, తీరా చూస్తే తొట్టి వెనుక అందం కోసం నిలబెట్టిన బండ కారణం. రాయి మీద నాలుగు చుక్కల వెనిగర్ వేసి చూడండి, బుడగలు వస్తే సున్నం ఉన్నట్టే. అనంతపురం చుట్టుపక్కల గ్రానైటు గుండ్లు దండిగా దొరుకుతాయి, వాటికి ఈ బాధ లేదు.

హంద్రీ, కర్నూలు (మార్చి 6)

అన్నా, చేపలను తెచ్చే ముందు ఇంకో పని మిగిలే ఉంది. కొత్త తొట్టిలో అమోనియాను తినే సూక్ష్మజీవులు ఉండవు. కొన్ని అమోనియాను నైట్రైట్‌గా, మరికొన్ని నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి, ఈ రెండు గుంపులూ ఫిల్టరు స్పాంజిలో స్థిరపడడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. చేపలు లేకుండానే రోజూ చిటికెడు తిండి వేస్తూ ఫిల్టరు నడపండి. అది కుళ్ళి పుట్టే అమోనియానే వాటికి ఆహారం. ఆరోగ్యమైన పాత తొట్టి ఉన్న మిత్రుడి దగ్గర వాడిన స్పాంజి ముక్క దొరికితే ఈ గడువు బాగా తగ్గుతుంది. ఆ స్పాంజిని ఎప్పుడూ కుళాయి కింద కడగవద్దు, క్లోరిన్ తగిలితే ఆ జీవులు చస్తాయి. తొట్టి నుంచి తీసిన నీటిలోనే పిండాలి.

కొత్త తొట్టి, అనంతపురం (ఏప్రిల్ 19)

ఆరు వారాల తరువాత మళ్ళీ రాస్తున్నాను. ఇంట్లో అలంకారానికి తెచ్చిన తాడిపత్రి బండ ముక్క వెనిగర్ వేయగానే పొంగింది, దానిని తీసి గ్రానైటు గుండ్లు పెట్టాము. గుత్తిలో ఉన్న మిత్రుడు స్పాంజి ఇచ్చారు. పరీక్ష మందుతో చూస్తే వారం రోజులుగా అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తున్నాయి. నిన్న 8 డానియోలను తెచ్చి, సంచీని అరగంట తొట్టి నీటిలో తేలనిచ్చి, కొద్దికొద్దిగా మా నీరు కలిపి, వలతో పట్టి వదిలాము. సంచీలోని నీళ్ళు తొట్టిలో పోయలేదు. ప్లాటీలను కూడా ఈ వారమే తేవచ్చునా?

తుంగభద్ర అల, కర్నూలు (ఏప్రిల్ 19)

రెండు వారాలు ఆగండి. డానియోల విసర్జనకు తగినట్టు ఆ సూక్ష్మజీవులు పెరగాలి, ఒక్కసారిగా భారం పెంచితే అమోనియా మళ్ళీ కనిపిస్తుంది. కుదిరితే కొత్త చేపలను వేరే చిన్న తొట్టిలోనో పెద్ద ప్లాస్టిక్ డబ్బాలోనో రెండు మూడు వారాలు ఉంచి చూడండి. దుకాణానికి చేపలు చెన్నై కొళత్తూరు బజారు నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వస్తాయి, ఆ అలసటలో తెల్ల చుక్కల జబ్బు పైకి రావడం సాధారణం. వేరు తొట్టిలో బయటపడితే వైద్యం సులభం, పెద్ద తొట్టిలో బయటపడితే అన్ని చేపలకూ చేయాలి.

కొత్త తొట్టి, అనంతపురం (మే 24)

ప్లాటీలూ గౌరామిలూ వచ్చాయి. ఈ వారం మా ఊళ్ళో ఎండ 42 దాటింది, ఫ్యాను పెట్టినా తొట్టి 29 చూపిస్తోంది. రెండు రోజుల క్రితం మధ్యాహ్నం మూడు గంటలు కరెంటు పోయినప్పుడు బ్యాటరీ పంపు పెట్టాను, చేపలకేమీ కాలేదు. గౌరామిలు మొదటి పది రోజులు మూలన దాక్కున్నాయి. బుగ్గవంక గారు చెప్పినట్టు రెండు చివర్లా తిండి వేయడం మొదలుపెట్టాక మగ గౌరామి గొంతు కింద నారింజ రంగు తేలింది. ఆవిరి లోటుకు ఆర్వో నీరే పోస్తున్నాను, టీడీఎస్ 410 దగ్గర నిలకడగా ఉంది.

గుత్తి కోట, అనంతపురం జిల్లా (మే 24)

29 ఫరవాలేదు, డానియోలకు అదే పైహద్దు అనుకోండి. ఎండ తగ్గేదాకా తిండి సగం చేయండి. వేడిలో మిగిలిన తిండి త్వరగా కుళ్ళుతుంది. ఐసు గడ్డలను నేరుగా వేయకండి, ఒక్కసారిగా నాలుగైదు డిగ్రీలు పడితే ఎండకన్నా అదే ఎక్కువ ప్రమాదం.

కొత్త తొట్టి, అనంతపురం (ఆగస్టు 11)

నీళ్ళు 27కు దిగాయి, ఆరు కోరిడోరాస్ వచ్చి కడిగిన సన్న ఇసుకలో మీసాలు పెట్టి తిరుగుతున్నాయి. ఈ ఉదయం మా అమ్మాయి ప్లాటీ పిల్లలను చూసింది, ఏడు వరకు లెక్కపెట్టింది, సాయంత్రానికి నాలుగే కనిపించాయి. పెద్ద చేపలు తిన్నట్టున్నాయి. వాటిని ఎలా కాపాడాలి, అన్నిటినీ కాపాడితే తొట్టి నిండిపోదా?

తుంగభద్ర అల, కర్నూలు (ఆగస్టు 11)

ఆడ ప్లాటీ దాదాపు నెలకొకసారి కంటుంది, ఒకసారి జతకడితే ఆ తరువాత మగది లేకపోయినా కొన్ని కాన్పులు వస్తాయి. అన్నిటినీ కాపాడితే ఏడాది తిరిగేసరికి మీ తొట్టి చాలదు, అందుచేత పిల్లలను వేరు డబ్బాలోకి తీయకండి. ఒక మూల హైడ్రిల్లా అనే నీటి మొక్కను దట్టంగా వేయండి, అది మన గట్టి నీటిలో బాగా పెరుగుతుంది. దానిలో దూరగలిగిన పిల్లలు కాన్పుకు రెండో మూడో మిగులుతాయి, అవి రెండు సెంటీమీటర్లు అయ్యాక స్నేహితులకు ఇవ్వవచ్చు.

హంద్రీ, కర్నూలు (ఆగస్టు 12)

హైడ్రిల్లాను చెరువు నుంచి తెస్తున్నట్టయితే, అన్నా, బాగా కడిగి రెండు వారాలు వేరే బకెట్లో ఉంచి రోజూ చూడండి. తూనీగ పిల్లపురుగులు ఆ ఆకుల మధ్య దాక్కుని వస్తాయి, చేపపిల్లలను పట్టి తింటాయి. బకెట్లో అయితే వాటిని చెంచాతో తీసేయవచ్చు.